వెనకగదిలో ఏడుపు

"లీలమ్మా! ఓ లీలమ్మా! సీనుకు పిల్లగాడు సచ్చిపోయిండంట! తొమ్మిదింటికల్ల రమ్మంటున్రు, జల్ది తయారుగావాలె!"

చావు కబురు చల్లగా చెప్పడం లోకంలో ఉన్న మర్యాద. ఇంటి ఓనరు కొమురమ్మ మాత్రం ఏ కబురైనా పొయ్యి మీంచి దించినంత వేడిగా చెబుతుంది. యూసుఫ్‌గూడలోని ఆ సందు మొత్తానికి ఫోను ఆవిడ ఇంట్లోనే ఉంది. ఆవిడ మెట్ల కింద నిలబడి అరిచిందంటే సందుకి రెండో ఫోను అక్కర్లేదు.

పై వాటాలో కాఫీ తాగుతున్న శేషారత్నమ్మ చేతిలోంచి గ్లాసు జారింది. తణుకులో ఆవిడ తమ్ముడి కొడుకు పేరు శ్రీను. మొన్న మాఘమాసంలోనే వాడికి మగపిల్లాడు పుట్టాడు.

"అయ్యో నా తండ్రీ! ఇంకా బోర్లా కూడా పడలేదు కదరా!" అంటూ ఆవిడ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. గడ్డం సగం గీసుకున్న ఆవిడ కొడుకు కాశీవిశ్వనాథం ఆ సగం ముఖంతోనే బయటికొచ్చాడు. తొమ్మిదేళ్ళ ఫణి "అయితే ఇవాళ స్కూలు లేదా బామ్మా?" అన్నాడు. ఆరేళ్ళ సాకేత్‌కి విషయం తెలియదు గాని, అన్నయ్య ముఖం వెలగడం చూసి తనూ ఎగిరి గంతేశాడు.

కంగారు పడనిది కోడలు లీలాకుమారి ఒక్కతే. చేతిలో అట్లకాడతోనే పిట్టగోడ దగ్గరికొచ్చి కిందకి వంగింది.

"ఫోను చేసిందెవరండీ కొమురమ్మగారూ?"

"గా ఫిల్మ్‌నగర్ స్టూడియో మేనేజరు."

"ఏమన్నాడో అన్నది అన్నట్టు చెప్పండి."

"అదే జెప్తున్న గద. సీనుకు పిల్లగాడు సచ్చిపోతడు, మేడమును తొమ్మిదింటికి రమ్మనుండ్రి అన్నడు."

"సీనుకు కాదండీ, సీన్లో! సినిమాలో ఆ సీన్లో పిల్లాడు చచ్చిపోతాడు. చచ్చిపోయే ముందు వాడు ఏడవాలి. వాడి ఏడుపు నేనేడవాలి."

"గట్ల జెప్పాలె గద మరి! నా గుండె పిట్టలెక్క కొట్టుకున్నది."

"కొట్టుకోవడమే నయం. నాదైతే ఎగిరే పోయింది," అని శేషారత్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒక్కో ఇంట్లో తెల్లారితే సుప్రభాతం వినిపిస్తుంది. మనింట్లో తెల్లారితే ఎవడో ఒకడు పోతాడు."

ఫణి ముఖం మళ్ళీ ఆరిపోయింది. స్కూలుంది.

లీలాకుమారిది అక్షరాలా ఏడుపుగొట్టు ఉద్యోగం. తెరమీద చిన్నపిల్లలు ముద్దుగా నటిస్తారు గాని, మైకు ముందు నిలబడి పెదవికి పెదవి కలిపి మాట్లాడమంటే వాళ్ళ వల్ల కాదు. అందుకని పెద్దాడవాళ్ళ చేత వాళ్ళకి డబ్బింగు చెప్పిస్తారు. సన్నగా, కాస్త గరగరగా ఉండే లీల గొంతు మగపిల్లలకి అతికినట్టు సరిపోతుంది. రేడియో నాటకాల్లో మొదలుపెట్టి పదేళ్ళుగా ఆవిడ జాతర్లో తప్పిపోయింది, గుండెజబ్బుతో మూలిగింది, విలన్ చేతుల్లో వేలాడింది, అన్ని రకాలుగానూ "అమ్మా" అని ఏడ్చింది. సీనుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని తెరమీద తిప్పిందే తిప్పుతారు. దాన్ని లూపు అంటారు. పెదవి కలిసేదాకా ఏడవాలి. కలిశాక, "బాగుందమ్మా, ఇంకోటి చూద్దాం" అంటారు. మళ్ళీ ఏడవాలి.

ఇంటికొస్తే ఇదో లూపు. ఒక చెప్పు దొరికితే రెండోది దొరకదు. టై దొరుకుతుంది, అందులో మెడ ఉండదు. మెడ దొరికేసరికి టై ఉండదు. ఫణితో పని, పనితో ఫణి. ఇక రెండోవాడు. సాకేత్‌ని సాకే తల్లికి తెలుస్తుంది వాడి సాకులెన్నో. స్నానమంటే కడుపునొప్పి, ఎక్కాలంటే కాలినొప్పి. ఇద్దరూ ఒకచోట ఉంటే కొట్టుకుంటారు, విడదీస్తే ఒకడికోసం ఒకడు ఏడుస్తారు. ఇంత అల్లరిలోనూ లీల గొంతెత్తదు. అరిస్తే మర్నాడు మైకు ముందు గొంతు పగులుతుంది. పిల్లల్ని నోరెత్తకుండా పెంచాలనుకోవడం ఏ తల్లికైనా గొంతెమ్మ కోరికే గాని, ఆవిడకి గొంతే బతుకుతెరువు. కోపమొస్తే కళ్ళు పెద్దవి చేస్తుంది. ఇంకా కోపమొస్తే వెళ్ళి మంచినీళ్ళు తాగుతుంది. అందుకే వీధిలో ఆవిడకి నెమ్మదస్తురాలని పేరు. ఇంట్లో అలసిన మనిషి వీధికి నెమ్మదిగానే కనిపిస్తుంది.

కాశీవిశ్వనాథం సెక్రటేరియట్‌లో ఏదో శాఖలో సీనియర్ అసిస్టెంటు. శాఖ ఏదైతేనేం, కొమ్మమీద కూర్చున్న పిట్టలా కదలకుండా కూర్చోవడం ఆయన స్వభావం. చెడ్డవాడు కాదు. భార్య పేరు తెరమీద పడదని బాధపడేంత మంచివాడు. ఆవిడ తిండి తిన్నదో లేదో కనుక్కునేంత మంచివాడు మాత్రం కాదు.

ఇంటి వెనకవైపు బియ్యం బస్తాలు, పాత పరుపులు పెట్టుకునే చిన్న గది ఒకటుంది. కిటికీ కింద పెరడు, పెరట్లో నేలలోకి కట్టి ఇనప మూత వేసిన నీళ్ళ సంపు. లీల ఏడుపులన్నీ ఆ గదిలోనే సాధన చేస్తుంది. కొత్తగా అద్దెకి దిగిన రోజుల్లో ఆ గదిలోంచి "అమ్మా, కొట్టకే" అని పిల్లాడి గొంతు వినిపిస్తే, కొమురమ్మ చేతికర్ర పుచ్చుకుని మెట్లెక్కి వచ్చింది. "పసిపోరన్ని గట్ల గొడ్తవా, నువ్వు ఆడిదానివేనా?" అని తలుపు బాదింది. తలుపు తీస్తే లోపల లీల ఒక్కతే ఉంది. అసలు సంగతి తెలిశాక కొమురమ్మ నవ్వీ నవ్వీ మెట్లమీదే కూర్చుండిపోయింది. ఆ మర్నాటినుంచి సందులో ఏడుపు వినిపిస్తే ఎవరూ తల కూడా తిప్పరు. "లీలమ్మ పనిజేస్కుంటున్నది," అని ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు.

ఇప్పుడు ఆ పని ఒక మెట్టెక్కబోతోంది. సోమవారం నుంచి కొత్త సినిమా. మొదటినుంచి చివరిదాకా కథంతా ఓ కుర్రవాడి చుట్టూ తిరుగుతుంది. వాడు నవ్వుతాడు, తగువులాడతాడు, తండ్రిని నిలదీస్తాడు. ఏడుపు తప్ప ఎరగని లీలకి మొదటిసారి నిండు పాత్ర. దర్శకుడు ఆవిణ్ణే కావాలన్నాడని మేనేజరు చెప్పిన రోజున ఆవిడ కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. ప్రతిపూటా వంకలు పెట్టే శేషారత్నమ్మ ఆ పూట ఏమీ అనకుండా తిన్నది.

"పన్నెండుకల్లా వచ్చేస్తానత్తయ్యగారూ," అని చెప్పి, ఆ కబురొచ్చిన శనివారం పొద్దునే లీల ఆటో ఎక్కింది. రెండో శనివారం కాబట్టి భర్త ఇంట్లోనే ఉన్నాడు. పిల్లలది రెండో శనివారం సెలవివ్వని ప్రైవేటు స్కూలు; ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నానికి ఇంటికొస్తారు.

ఆటో చెక్‌పోస్టు దాటి జూబ్లీహిల్స్ ఎక్కితే లోకం మారిపోతుంది. అక్కడ బండరాళ్ళకి కూడా గేట్లుంటాయి, గేటుకో గూర్ఖా ఉంటాడు. యూసుఫ్‌గూడలో ఇంటికో డూపు, లైటు బాయ్, కుట్టు మాస్టరు ఉంటే, కొండమీద, వాళ్ళ చేత పని చేయించుకునేవాళ్ళు ఉంటారు. లీల పదేళ్ళుగా ఆ దారిలో పోతూ వస్తూ ఉంది గాని, చల్లగాలి వేస్తున్నప్పుడు ఒక కునుకు తీయడానికి తప్ప ఆ కొండ ఆవిడకి దేనికీ పనికిరాలేదు.

ఆ రోజు సీన్లో పిల్లాడు ఒక పట్టాన చావలేదు. ఏడుపు సరిపోతే దగ్గు సరిపోలేదు, దగ్గు సరిపోతే కరెంటు పోయింది. కరెంటొచ్చాక దర్శకుడికి మనసు మారింది. "తల్లి గుండె చెరువైపోవాలమ్మా," అన్నాడు. చెరువులు నింపీ నింపీ లీల గొంతు బావిలో చేదలా అడుగు తాకింది. చివరి "అమ్మా"లో మాట విరిగిపోయి ఉత్త గాలి వచ్చింది. "అద్భుతం! ఇదే కావాలి!" అన్నారందరూ. నటన ఆగిపోయిన చోటే అద్భుతమంటారు సినిమావాళ్ళు.

బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తి దాటి చాలాసేపైంది. ఆటోవాడికి ఇంటి గుర్తులు చెప్పబోతే మాట పెగల్లేదు. చేత్తోనే దారి చూపిస్తూ ఇంటికొచ్చింది.

సందు మొదట్లోనే ఏడుపు వినబడింది.

మొదటి క్షణం లీలకి తన గొంతే ఎక్కడో టేపులో వేశారనిపించింది. వీధి మాత్రం ఎప్పటిలాగే ఉంది. ముందు వరండాలో కొమురమ్మ మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. ఎదురింటి అరుగు మీద ఇద్దరు పేకాడుతున్నారు. ఎవరి ముఖంలోనూ కంగారు లేదు. ఏడుపు మాత్రం ఆగి ఆగి వస్తోంది. అరుపులు అయిపోయి, ఓపిక కూడా అయిపోయి, ఎక్కిళ్ళు మాత్రం మిగిలిన ఏడుపు.

అలా ఏడవడం ఆవిడకి రాదు. ఆ సంగతి తట్టగానే లీల పరుగెత్తింది.

పెరట్లో సంపు పక్కన సాకేత్ బోర్లా పడి ఉన్నాడు. కుడిచెయ్యి ఇనప మూత కింద ఇరుక్కుని ఉంది. చొక్కా అంతా మట్టి. తల్లిని చూసి వాడు కొత్తగా ఏడవలేదు. "నీళ్ళొచ్చాయో లేదో చూద్దామని ఎత్తానమ్మా," అని సంజాయిషీ చెప్పాడు. రోజూ నీళ్ళొచ్చాయేమో చూడరా అని బామ్మ అడుగుతుంది. రోజూ అన్న ఎత్తుతాడు. ఇవాళ తను ఎత్తాడు.

లీల మూత పట్టుకుని లాగింది. కదల్లేదు. "ఏమండీ!" అని కేకెయ్యబోయింది. కేక రాలేదు. నోరు తెరుచుకుంది, మెడనరాలు బిగుసుకున్నాయి, గొంతులోంచి చెట్టాకు కదిలినంత చప్పుడు కూడా రాలేదు. పదేళ్ళు పరాయి పిల్లల కోసం అరిచిన గొంతు సొంత పిల్లాడి కోసం పలకలేదు. ఆవిడ, తినే తీరిక లేక అలాగే తిరిగి తెచ్చిన టిఫిన్ క్యారియరు తీసి పెరటి గేటుకేసి బాదింది. మూతలు ఊడి, గిన్నెలు దొర్లి, అన్నం చెదిరిపోయేదాకా బాదింది.

"ఎవర్రా గేటు పలగ్గొడ్తున్నది?" అంటూ వచ్చిన కొమురమ్మ పిల్లాణ్ణి చూసి, "ఓ సారూ! ఉరుకుండ్రి! కొంప మునిగింది!" అని ఒక్క కేక పెట్టింది. దాంతో సందంతా లేచొచ్చి మూత ఎత్తింది.

నర్సింగ్ హోములో రెండు వేళ్ళకి కట్టు కట్టారు. ఎముక చిట్లింది, అతుక్కుంటుంది, గోళ్ళు ఊడినా మళ్ళీ వస్తాయన్నాడు డాక్టరు. తర్వాత మామూలుగా అడిగాడు.

"దెబ్బ తగిలి ఎంతసేపైంది?"

కాశీవిశ్వనాథం తల్లివైపు చూశాడు. శేషారత్నమ్మ కొమురమ్మవైపు చూసింది. కొమురమ్మ గోడమీది కేలండరు చూసింది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. సాకేత్ మందు మగతలో నిద్రపోయాడు. ఫణి వాడి పక్కనే బిగుసుకుని కూర్చున్నాడు. హాల్లో కాశీవిశ్వనాథం పచార్లు చేశాడు. తప్పు చేసిన మగవాడికి కూర్చోవడం కష్టం. కోపం తెచ్చుకుంటే నిలబడటం తేలిక.

"పన్నెండుకల్లా వస్తానన్నావు."

లీల గోడకి ఆనుకుని కూర్చుంది.

"నిద్రలో ఏడుపు వినిపించింది. నువ్వొచ్చేశావనుకున్నాను. సోమవారం సినిమాకి సాధన చేస్తున్నావనుకున్నాను. ఇంటెడు మందిమి ఉండి, పిల్లాడు అక్కడ నలిగిపోతుంటే... ఎవరి వల్ల ఇదంతా? రోజూ వినీ వినీ మా చెవులు చచ్చిపోయాయి లీలా! ఇంట్లో పిల్లాడు ఏడిస్తే పలకరించే పద్ధతి పోయింది. చాలు ఇంక. సోమవారం లేదు, మంగళవారం లేదు. ఆ మేనేజరుకి నేనే ఫోను చేస్తాను. రేపట్నుంచి నువ్వు మానెయ్!"

"నేనూ వాడి ఏడుపు విన్నానురా," అంది శేషారత్నమ్మ నేలచూపులతో. "చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. వెనకగది తలుపు వేసుంది. అన్నం తిని ఏడవ్వే అమ్మాయ్ అని కేక కూడా వేశాను."

తలుపు దగ్గర నిలబడ్డ కొమురమ్మ, "నేను గూడ... లీలమ్మ ఇయ్యాల మంచిగ ఏడుస్తున్నది అనుకుంట అటు మర్లి పన్న," అని ముంగొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను కూడా విన్నాను," అన్నాడు ఫణి హఠాత్తుగా. "క్రికెట్ ఆడుతున్నాను. అమ్మ వచ్చేసింది, హోంవర్కు అడుగుతుందని ఇంకా దూరం పారిపోయాను."

లీల వాణ్ణి దగ్గరికి లాక్కుంది. కాశీవిశ్వనాథం మళ్ళీ అందుకున్నాడు.

"చూశావా? అందరం అదే అనుకున్నాం. అది నువ్వే అనుకున్నాం!"

అప్పుడు లీల పెదవులు కదిలాయి. ఏమందో ఎవరికీ వినబడలేదు.

"ఏంటి?" అన్నాడు ఆయన.

మళ్ళీ అంది. గొంతు లేదు, ఊపిరి మాత్రం ఉంది. ఆయన పచార్లు ఆపి దగ్గరికి రావలసి వచ్చింది. శేషారత్నమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. కొమురమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చింది. ఆ ఇంట్లో లీల మాట కోసం అందరూ ఒకేసారి చెవి ఒగ్గడం అదే మొదలు.

"నేనే అనుకున్నారు. సరే. నేనైతే ఏడవొచ్చా?"

"అదేంటి..."

"మధ్యాహ్నమంతా వెనకగదిలో ఒక మనిషి ఏడుస్తోంది. ఆ మనిషి నేనే అనుకున్నారు. నేనే కదా అని ఒకరు నిద్రపోయారు, ఒకరు కాయలు ఒలిచారు. ఒక్కరైనా లేచి వచ్చి చూడక్కర్లేదా?"

"అది నీ పని కదా లీలా! సినిమా ఏడుపు కదా!"

"అన్నీ సినిమావి కావండీ."

ఆయన ఇంకో అడుగు దగ్గరికి వేశాడు.

"సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు," అని గుసగుసలాంటి గొంతుతో చెప్పుకొచ్చింది లీల. "సాకేత్‌కి జ్వరం. ఫణికి పరీక్ష. మీకు క్యారియరు, అత్తయ్యగారికి ఏకాదశి ఫలహారం. రాత్రంతా నిద్ర లేదు. పొయ్యిమీద పాలు పెట్టి పిల్లాడికి థర్మామీటరు పెట్టి వచ్చేలోగా పాలు పొంగిపోయాయి. గిన్నె మాడిపోయింది. నేను పాలు పొంగాయని ఏడ్చాను. వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను. నాకు తెలిసిన ఏడుపు అదొక్కటే కదా, పిల్లాడి గొంతుతోనే వచ్చింది. మీరు హాల్లోంచి ఏమన్నారో గుర్తుందా?"

కాశీవిశ్వనాథానికి గుర్తులేదు. గుర్తొచ్చింది. ముఖం పాలిపోయింది.

"'మొదట్లో బాగుంది లీలా, చివర్లో కాస్త ఎక్కువైంది' అన్నారు," అంది లీల. "నేను ముఖం కడుక్కుని వచ్చాను. మీరు కాఫీ అడిగారు. పాలు లేవన్నాను. పొద్దున్నేగా పోయించుకున్నావ్, ఏం చేశావన్నారు."

కొమురమ్మకి నవ్వొచ్చింది. సగం నవ్వి, అది నవ్వాల్సిన చోటు కాదని తెలిసి, మిగతా సగం ఏడ్చింది.

"ఆ ఒక్కసారే కాదు," అని లీల తల వాల్చింది. "ఏది సాధనో ఏది కాదో నేను లెక్క పెట్టుకోలేదు. ఎంత ఏడ్చినా ఎవరూ రారని తెలిశాక నాకూ సుఖంగానే ఉండేది. అడిగేవాళ్ళు లేరు, చెప్పే పని లేదు. ఇవాళ వాడు అలా... ఎవరూ రారని వాడికి కూడా తెలిసిపోయినట్టు, అరవడం మానేసి పడుకుని ఉన్నాడండీ. వాడికి ఆరేళ్ళు. అది నేర్చుకునే వయసు కాదు."

ఆవిడ ఏడవలేదు. అంత ఓపిక లేదు. శేషారత్నమ్మే ఏడ్చింది. లేచి వచ్చి, పక్కన కూర్చుని, కోడలి తల తన భుజానికి వంచుకుంది. పదకొండేళ్ళ కాపురంలో అత్తాకోడళ్ళు పోట్లాడుకున్నది లేదు గాని, ఇలా ఒకరిమీద ఒకరు వాలిందీ లేదు.

"సినిమా మానేస్తే నా చెవులు బాగవుతాయా?" అంది ఆవిడ కొడుకువైపు చూసి. "వినబడలేదనుకోవడానికి నాకు చెవుడు కూడా లేదురా. విన్నాం. లేవలేదు. మానెయ్యాల్సింది దాని పని కాదు, మన కూర్చోడం."

కాశీవిశ్వనాథం నిలబడ్డవాడు నిలబడ్డట్టే భార్య ఎదురుగా నేలమీద కూలబడ్డాడు. ఏదో అనాలని చూశాడు. ఫైళ్ళలో రాసే మాటలు చాలా వచ్చు గాని, ఇలాంటి చోట పనికొచ్చేది ఒక్కటీ రాలేదు. చివరికి అడిగాడు.

"పొద్దున్నించీ ఏమైనా తిన్నావా?"

లీల లేదన్నట్టు తల ఊపింది. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కంచం ఎక్కడుంటుందో తెలియక చాలాసేపు చప్పుడు చేశాడు. ఆఖరికి ఫణి వెళ్ళి చూపించాడు.

ఆదివారం మధ్యాహ్నానికి గొంతు కాస్త తెరుచుకుంది. మర్నాడే కొత్త సినిమా. మొదటి సీన్లో కుర్రవాడు తండ్రిమీద అలిగి ఏడవాలి. లీల మిరియాల పాలు తాగి, వెనకగదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, సన్నగా మొదలుపెట్టింది.

"నాన్నా... నేను నీతో మాట్లాడను పో..."

దభీమని తలుపు తెరుచుకుంది. భుజాన తువ్వాలు, చేతులనిండా సబ్బు నురగతో కాశీవిశ్వనాథం. అంట్లు తోముతున్నట్టున్నాడు.

"ఏమైంది?"

"ఏం కాలేదండీ. పనే."

"నిజంగా పనేనా?"

"పనేనండీ. వెళ్ళండి."

వెళ్ళబోతూ ఆయన ఎదురొస్తున్న తల్లిని గుద్దుకున్నాడు. శేషారత్నమ్మ ఒక చేత్తో మోకాలు, ఒక చేత్తో గోడ పట్టుకుని, "ఏమిటే అమ్మాయ్, ఎవరేమన్నారు? వీడేనా?" అంది. ఆవిడ వెనకే ఫణి బ్యాటుతో సహా పరుగెత్తుకొచ్చాడు. మెట్లమీద గాజుల చప్పుడు, ఆయాసం, ఆ పైన కొమురమ్మ.

"ఏంది లీలమ్మా, ఏమాయె? పిల్లగాడు మంచిగున్నడా? నువ్వు మంచిగున్నవా?"

అందరి వెనకనుంచి కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి పట్టుకుని సాకేత్ తొంగి చూశాడు. "నేను కాదు," అని అందరికీ ముందే చెప్పేశాడు.

లీలకి నవ్వాలో, నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. చిన్నగదిలో బియ్యం బస్తాకి ఆనుకుని నిలబడి, వచ్చినవాళ్ళందరికీ విడమరిచి చెప్పింది. "ఇది సినిమాలోదండీ. కుర్రాడు తండ్రిమీద అలుగుతాడు. తండ్రి బతిమాలడు. వాడు ఏడుస్తాడు. అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. నేను బాగున్నాను. పిల్లాడూ బాగున్నాడు."

"తండ్రి బతిమాలడా? ఏం తండ్రమ్మా!" అంది శేషారత్నమ్మ, ఎందుకైనా మంచిదని కొడుకువైపు ఓ చూపు చూసి.

"మరి రేపు నీ ఏడుపు నిజమైన నాడు మాకెట్ల తెలుస్తది?" అని నిలదీసింది కొమురమ్మ. "సినిమాదేదో ఇంటిదేదో ఓ గుర్తు జెప్పు. నాకు సమజ్ గావాలె గద."

లీల ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"గుర్తేం లేదు కొమురమ్మగారూ. ఒక్కోసారి నాకే తెలియదు. వచ్చి చూడాల్సిందే."

"ఏడ్సినప్పుడల్ల గిన్ని మెట్లెక్కాల్నా? నా మోకాళ్ళు ఏంగావాలె? గట్లయితే కిరాయి పెంచుత, చెప్తున్న!"

అని సణుగుతూ కొమురమ్మ వెనక్కి తిరిగింది. మెట్లవైపు చూసింది. నడుం మీద చెయ్యేసుకుని ఒక్క నిట్టూర్పు విడిచింది. మళ్ళీ ఇటు తిరిగి, గుమ్మంలో చతికిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దిగుడు ఎక్కుడు నాతోని గాదు. గీడనే కూసుంట. నువ్వు కానియ్యి లీలమ్మా, ఏడువు."